వెచ్చరాయి

నా భార్య దాలమ్మను ఇంజినీరు భుజంగరావు చంపాడు. కాలు జారి రాతి మీంచి పడిపోయిందని విచారణ కమిటీ కాగితంలో రాశారు. అది అబద్ధం. దాలమ్మ జారలేదు. కదలనే లేదు. ఆ సంగతి నాకు తెలుసు, భుజంగరావుకీ తెలుసు.

నా పేరు ముఖలింగం. మాది కంచరి ఇల్లు. ఎనిమిదో తరగతి వరకు మా ఊరి బడిలో చదివాను. తరవాత నాన్న చేతిలో సుత్తి పెట్టాడు. ముప్పయ్యేళ్లు కంచు, ఇత్తడి కొట్టాను. దాలమ్మ కొలిమి తిత్తి ఊదేది, గిన్నెలకు మెరుగు పెట్టేది. మాకు పిల్లల్లేరు.

భుజంగరావు ఒక వేసవిలో మా వీధికి వచ్చాడు. జీపు దిగి, మా అరుగు మీద ఉన్న గిన్నె ఒకటి తీసుకుని లోపలి వంపు మీద వేలు పెట్టి తిప్పి చూశాడు.

"ఈ వంపు దేంతో కొలుస్తావు?"

"కొలవను బాబూ. ఏలికి తెలుస్తాది."

"వేలికి ఎంత తేడా తెలుస్తుంది?"

"ఎంట్రుకంత."

అతను నవ్వాడు. తన తలలోంచి ఒక వెంట్రుక పీకి, పళ్లెం మీద పెట్టి, పైన పల్చటి కాగితం పరిచాడు. నన్ను కళ్లు మూసుకుని అది ఎక్కడుందో చెప్పమన్నాడు. నేను వెతుకుతూ ఉండగానే దాలమ్మ గడప దాటి వచ్చింది.

"ఉండండి బాబూ, మాయన సెయ్యి మొద్దుబారిపోయింది" అని కళ్లు మూసుకుని ఒక్కసారి అరచెయ్యి నడిపించింది. "ఇదిగో, ఇక్కడ నించి ఇక్కడికి. సివర వంకర తిరిగుంది."

కాగితం ఎత్తితే అలాగే ఉంది. ఆ వేళే మమ్మల్ని పనిలో పెట్టుకున్నాడు.

పని ఇది. గుమ్మకొండ మీద నలభై గూడేలున్నాయి. ప్రతి వర్షాకాలం కొండ జారి కరెంటు స్తంభాలు కొట్టుకుపోతాయి. మూడుసార్లు వేశారు, మూడుసార్లు పోయాయి. అందుకని లోయకు ఇవతల ఉన్న జంటమెట్ట మీంచి తీగ లేకుండా కరెంటు పంపాలని చూస్తున్నారు. ఎలాగో మాకు అర్థం కావడానికి భుజంగరావు మా వంటింట్లో దీపం వెలిగించి, దాని వెనక ఒక మెరుగు పళ్లెం పట్టుకున్నాడు. వెలుగంతా పోగై ఎదుటి గోడ మీద గుండ్రంగా పడింది.

"కరెంటును కంటికి కనపడని వెలుగుగా మారుస్తాం. మైక్రోవేవ్ అంటారు. దాని వెనక ఇలాంటి పళ్లెం, కాకపోతే ఇల్లంత పెద్దది, పెడతాం. అది ఆ వెలుగును చెదిరిపోకుండా పోగుచేసి అవతలి కొండ మీదికి తోస్తుంది. అక్కడ తీగల పందిరి దాన్ని పట్టుకుని మళ్లీ కరెంటు చేస్తుంది."

"అయితే మద్దిలో ఎవులైనా ఒస్తే కాలిపోరేటి బాబూ?" అంది దాలమ్మ.

"మేం పిచ్చివాళ్లమా అమ్మా? ఆ కిరణం చుట్టూ కాపలా కిరణాలుంటాయి. కొంగ అడ్డొచ్చినా రెప్పపాటులో అంతా ఆగిపోతుంది."

దాలమ్మ తల ఊపింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదే. ఎవరూ సరిగ్గా జవాబు చెప్పని ప్రశ్న కూడా అదే.

ఆ పెద్ద పళ్లెం ఒక్క ముక్క కాదు. మూరెడు పొడుగు, మూరెడు వెడల్పు ఉన్న అల్యూమినియం రేకులు. వరసకు ఇరవై అయిదు, అలాంటివి ఇరవై అయిదు వరసలు. ఆరు వందల ఇరవై అయిదు. ఏ రేకు వంపు దానిదే, ఒకటి ఇంకొకదానిలా ఉండదు. మిషన్లో నొక్కించాలంటే అన్ని అచ్చులూ చెయ్యాలి. అందుకే మా చేతులు కావలసి వచ్చాయి. ఏ రేకుకు ఆ వంపు కోసిన చెక్క మట్టం ఇచ్చారు. దానికి సుద్ద రాసి రేకు మీద ఆనిస్తే ఎక్కడ సుద్ద అంటుకుంటుందో అక్కడ ఎత్తు ఉన్నట్టు. కొట్టాలి, మళ్లీ ఆనించాలి. రోజుకు రెండు రేకులయ్యేవి.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. వేరే కంచరి ఇళ్లల్లో ఉందో లేదో నాకు తెలియదు. కొత్త వస్తువు దేనికైనా చివరి దెబ్బ ఇంటి ఆడది కొడుతుంది. కాపురానికి వచ్చినప్పుడు వాళ్లమ్మ ఇచ్చిన గుండుమొన ఉలితో, కావాలనే, చిన్న గుంట పెడుతుంది. మచ్చ లేని వస్తువు గడప దాటితే ఆ ఇంటి ఇల్లాలికి కీడని మా నాయనమ్మ అనేది. చెంబుకు అడుగున పెడితే ఎవరికీ కనపడదు. రేకుకు అడుగేది? మొదటి రేకు పూర్తవగానే దాలమ్మ ఉలి తెచ్చి తనకు తోచినచోట ఒకటి తగిలించింది. అరచేతి వెడల్పున, బియ్యపుగింజ మందాన గుంట పడింది.

భుజంగరావు మొదటి రేకును మాదిరి కోసం తీసుకువెళ్లడానికి వచ్చినప్పుడు అది చూశాడు.

"ఏమిటయ్యా ఈ సొట్ట?"

"దిష్టికి బాబూ. మా ఇంట్లో అలవాటు."

రేకును తన యంత్రం మీద పెట్టాడు. అది గీతలు గీసింది. "సగటు తేడా లెక్కలోపే ఉంది. ఉండనీ. మీ దిష్టి మా ప్రాజెక్టుకు కూడా పోతుంది" అని నవ్వి పట్టుకుపోయాడు.

ఆ తరవాత మూడొందల రేకప్పుడు, నాలుగొందల రేకప్పుడు కూడా వచ్చాడు. గుంటలు చూశాడు. ప్రతిసారీ యంత్రం సగటు తీసింది. సగటులో దాలమ్మ దెబ్బ ఎప్పుడూ దొరకలేదు.

పళ్లెం జంటమెట్ట మీద నిలబెట్టాక నన్ను అక్కడే ఉండమన్నారు. వడగళ్లకు రేకు నొక్కుకుపోతే సరిచెయ్యాలి, గాలికి బోల్టు వదులైతే బిగించాలి. మాకు ఒక గది ఇచ్చారు. చలికాలంలో అక్కడ పొద్దున్న తొమ్మిదైనా మంచు విడిచేది కాదు. ముప్పయ్యేళ్లు తిత్తి దగ్గర మడిచి కూర్చున్న మోకాళ్లు దాలమ్మవి. ఆ చలికి బిగుసుకుపోయేవి. మంచం దిగడానికే ఏడ్చేది.

ఒక పొద్దున్న పుల్లలకని వెళ్లి నవ్వుకుంటూ వచ్చింది.

"మావా, సిత్రం సూద్దువుగాని రా."

పళ్లెం దగ్గర్నించి పల్లానికి అర కిలోమీటరు దిగితే ఒక పెద్ద రాయి. మంచమంత ఉంటుంది. ఒక పక్క కొండ నిలువునా తెగిపోయి లోయ. చుట్టూ గడ్డంతా మంచుతో తెల్లగా ఉంది. రాయి మాత్రం పొడిగా ఉంది. దాలమ్మ దాని మీద కూర్చుని కాళ్లు చాపింది.

"ఎచ్చగుంది. కింద ఎవులో కుంపటెట్టినట్టుంది. నువ్వూ కూకో."

కూర్చున్నాను. నిజంగానే హాయిగా ఉంది. రాతి కంటే ఒంట్లోనే వెచ్చదనం ఎక్కువ ఉన్నట్టు అనిపించింది. నేనప్పుడు ఏమీ ఆలోచించలేదు. పొద్దుటెండకు కాగి ఉంటుందనుకున్నాను. ఇంకా ఎండే రాలేదు.

ఆ రోజు నుంచి ఆమెకు అది వైద్యమైపోయింది. పొద్దున్న గంటసేపు కూర్చుని వస్తే మోకాళ్లు ఆడేవి. మధ్యాహ్నం వరకు పని చేసుకునేది. ఆ రాయికి వెచ్చరాయని పేరు పెట్టింది. ఒకసారి పసుపు కూడా రాసింది.

"కొన్నాల్లు ఎచ్చగుండదు మావా" అంది ఒకరోజు. "నాను కనిపెట్టేను. గుమ్మకొండ మీద దీపాలెలిగిన్నాడే ఇది ఎచ్చగుంటాది. ఆల్లకి కరెంటు లేన్నాడు దీనికీ లేదు."

"రాయిక్కూడా కనెక్సనిచ్చేరేమోనే."

"అయితే బిల్లు మాయనకి పంపమని సెప్పు" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు? చదువుకున్న భుజంగరావు కనిపెట్టనిది, కొలతలు తీసే వాళ్లు బయటికి చెప్పనిది, దాలమ్మ నాకు చెప్పింది. నేను నవ్వాను.

ఆరు నెలలకు ఆమె కళ్లు మసకబారాయి. రెండూ ఒక్కసారే. బియ్యంలో రాళ్లు కనపడటం లేదంది. తరవాత నా మొహం కనపడటం లేదంది. పట్నం కళ్ల ఆస్పత్రికి తీసుకువెళ్లాను. డాక్టరు లైటు వేసి చూశాడు.

"నలభై ఏడేళ్లకు ఇంత శుక్లమా? రెండు కళ్లకీ? ఏం పని చేస్తారమ్మా?"

"కొలిమి కాడ పని బాబూ. సిన్నప్పటి నించి."

"అదన్నమాట. నిప్పు దగ్గర ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు ఇలా వస్తుంది. ఆపరేషన్ చేద్దాం. ముందు షుగరు తగ్గాలి. మూడు నెలలు ఆగి రండి."

మందులు తీసుకుని వచ్చేశాం. దారిలో ఒక మాట నాకు తట్టింది. కొలిమి ముందు ఆమె కంటే నేనే ఎక్కువ కూర్చున్నాను. నా కళ్లు బాగానే ఉన్నాయి. అంతవరకే ఆలోచించాను. బస్సు వచ్చింది. ఎక్కాం.

షుగరు తగ్గక ఆపరేషన్ వెనకబడింది. కళ్లు పోయాక దాలమ్మకు ఆ రాయి ఒక్కటే సుఖం. ఒంటరిగా వెళ్లలేదు. రోజూ పొద్దున్న ఆరున్నరకు చెయ్యి పట్టుకుని నేనే దింపేవాణ్ణి. రాయి మధ్యలో కూర్చోబెట్టి, లోయ ఎటుందో చేత్తో చూపించి, ఒకటే మాట చెప్పేవాణ్ణి.

"నానొచ్చి సెయ్యట్టుకునేదాకా కదలకు. ఏటైనా సరే కదలకు."

"నానెక్కడికెల్తాను మావా" అనేది.

ఎనిమిదింటికి వెళ్లి తీసుకొచ్చేవాణ్ణి.

అప్పటి వరకు పళ్లెం నుంచి పంపేది పరీక్ష కరెంటు. నలభై గూడేలకు ఇంటికొక దీపం. పూర్తి కరెంటు ఇచ్చే రోజు మాఘమాసంలో పెట్టారు. పది రెట్లు. అవతల గుమ్మకొండ మీద షామియానాలు వేశారు. పెద్దవాళ్లొస్తున్నారు. ముహూర్తం పదకొండు గంటలకని ముందురోజు అందరికీ చెప్పారు.

ఆ పొద్దున్న రోజూలాగే దాలమ్మను రాయి మీద కూర్చోబెట్టి వచ్చాను. ఏడున్నరకు నా గది తలుపు కొట్టారు. పై వరసలో ఒక రేకు బోల్టు వదులైందట, వెంటనే రమ్మన్నారు. వెళ్లి బిగించాను. దిగి కంట్రోల్ గదిలోకి వెళ్లి చెబుదామనుకునేసరికి లోపల అందరూ తెరల వైపు చూస్తున్నారు. తలుపు పైన ఎర్రదీపం వెలుగుతోంది.

"ఏటి బాబూ, పదకొండన్నారు గదా?" అన్నాను.

"పెద్దాయనకు వేరే కార్యక్రమం ఉందట, ముందే వచ్చారు" అన్నాడు భుజంగరావు, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "పూర్తి లోడు మొదలైంది. మాట్లాడకు."

కొలతలు తీసే సుగుణ, విజయనగరం ఆవిడ, మూల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమె ముందు ఒక కాగితం. కాగితం మీద జంటమెట్ట బొమ్మ. పళ్లెం నుంచి గుమ్మకొండకు ఒక లావు గీత. దాని పక్కల నాలుగు సన్న గీతలు. మూడు ఆకాశంలోకి పోయాయి. నాలుగోది కిందికి వంగి కొండవాలు మీద ఒక చోట ఆగింది.

"ఇయ్యేటమ్మా?"

"తోకలు. అసలు కిరణంలో నూటికి ఒకపాలు ఇలా పక్కకు పోతోంది. డ్రోను పంపి కొలిచాం. ఎందుకు వస్తున్నాయో తెలీదు. ఆర్నెల్లై చెబుతున్నాను సారుకి" అంది మెల్లగా. "అవి ఖాళీ స్థలాలేలే."

నాలుగో గీత ఆగినచోట మంచమంత గుండ్రం గీసి ఉంది. పక్కనే లోయ అంచు.

నాకు మంచు పట్టని రాయి గుర్తొచ్చింది. దీపాలెలిగిన్నాడే వెచ్చన. ఆమె కళ్లు. అన్నీ ఒక్కసారే వచ్చాయి, ఒక దాని తరవాత ఒకటి కాదు.

"బాబూ, ఆపండి. అక్కడ దాలమ్మ ఉంది."

భుజంగరావు తిరిగి చూశాడు. "ఎక్కడ?"

"ఈ గుండ్రంలో. రాతి మీద. రోజూ కూకుంటాది. నానే కూకోబెట్టేను. కల్లు కనపడవు దానికి, ఆపండి బాబూ."

అతను కాగితం చూశాడు. నా మొహం చూశాడు. తెర చూశాడు. ఆ మూడు చూపులు నేను చచ్చేదాకా మరిచిపోను.

"అక్కడ మనుషులు లేరని సర్వే ఉంది."

"ఉంది బాబూ. నా పెల్లాం ఉంది."

"ఇప్పుడు ఆపితే మళ్లీ లేపడానికి ఆరు గంటలు పడుతుంది ముఖలింగం. అవతల పెద్దాయన స్విచ్ మీద చెయ్యేసి నిలబడున్నాడు. పది నిమిషాలు. పది నిమిషాల్లో ఏమీ కాదు. నువ్వు పరుగెత్తి తీసుకొచ్చెయ్యి."

"సార్, ఇది పది రెట్లు" అంది సుగుణ.

"నువ్వు కూర్చో."

ఆపే బొత్తాం ఎర్రగా అతని బల్ల మీదే ఉంది. నేను దాని మీదికి వెళ్లాను. తలుపు దగ్గరున్న ఇద్దరు గార్డులు పట్టుకుని బయటికి నెట్టి తలుపు వేశారు.

రాతి దగ్గరికి పరుగెడితే ఏడెనిమిది నిమిషాలు. మంచులో ఆ దారి ఇంకా ఎక్కువ. అక్కడికి పోయి చెయ్యి పట్టుకోవాలా, ఇక్కడే ఆపాలా? వాకిట్లో నిలబడి ఎంతసేపు ఆలోచించానో తెలియదు. కొంగ అడ్డొచ్చినా ఆగిపోతుందన్న మాట గుర్తొచ్చింది. షెడ్డులోకి వెళ్లి, కొట్టకుండా మిగిలిన రేకు ఒకటి తీసుకున్నాను. పళ్లెం చుట్టూ ఉన్న కంచె గేటుకు తాళం. తాళంచెవి కంట్రోల్ గదిలో. రేకు అవతలికి విసిరి కంచె ఎక్కాను. ముళ్లతీగ తొడ చీల్చింది. పళ్లెం వెనక నిచ్చెన ఉంది, నేను రోజూ ఎక్కేదే. రేకు వీపున కట్టుకుని ఎక్కాను. పై అంచుకు చేరి, కడుపు మీద పడుకుని, రేకును రెండు చేతులా పట్టి పళ్లెం ముందుకు చాపాను.

చేతులు మోచేతుల దాకా భగ్గుమన్నాయి. కింద తలుపు పైనున్న ఎర్రదీపం ఆరిపోయింది. కింద గదిలోంచి అరుపులు వినిపించాయి.

నేను గది బయటపడినప్పటి నుంచి దీపం ఆరేదాకా పదకొండు నిమిషాలు. యంత్రం రాసుకుంది. ఆ కాగితం కమిటీ ముందు పెట్టారు, నేను ప్రాజెక్టుకు నష్టం చేశానని రుజువు చెయ్యడానికి.

పరుగెత్తాను. ఎన్నిసార్లు పడ్డానో తెలియదు.

దాలమ్మ రాయి మధ్యలో కూర్చుని ఉంది. నేను కూర్చోబెట్టిన చోటే. మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని తల వాల్చి ఉంది. పక్కన గడ్డి వాడిపోయింది. ముట్టుకుంటే కొలిమిలోంచి తీసినట్టుంది ఒళ్లు. మట్టెల చుట్టూ వేళ్లు నల్లగా కమిలాయి. చెయ్యి పట్టుకున్నాను. గుర్తుపట్టింది.

"కదల్లేదు మావా" అంది.

ఎత్తి రాయి కిందికి దింపి నీడన పడుకోబెట్టాను. నీళ్లకు చుట్టూ చూశాను. గడ్డి మీది మంచు రెండు చేతులా ఊడ్చి ఆమె మొహానికి రాశాను, నోట్లో పిండాను. నా చేతుల తోలు ఊడి వస్తోంది. సుగుణ, ఇంకొకాయన మంచం పట్టుకుని వచ్చేసరికి అయిపోయింది.

రాయి కింద పడి ఉందని వాళ్లు చూశారు. జారి పడిందని రాయడానికి అది చాలింది.

కమిటీ మూడు నెలల తరవాత కూర్చుంది. నలుగురు పెద్దలు, నీళ్ల సీసాలు. భుజంగరావు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. నన్ను చూడలేదు. నన్ను చూసి ఒక్క మాట, ఆర్నెల్లుగా నాకు తెలుసు అని ఒక్క మాట అని ఉంటే, ఏమి చేసేవాణ్ణో తెలియదు. అనలేదు. తోకలు చిన్నవనుకున్నామన్నాడు. మ్యాపులో మనిషి లేడన్నాడు. తరవాత రేకుల మీది గుంటల ఫోటోలు తెర మీద వేశాడు.

"తోకలకు కారణం ఇది. పనివాడు మాకు చెప్పకుండా ప్రతి రేకు మీదా సొట్ట పెట్టాడు."

చెప్పకుండా. మూడుసార్లు నవ్వి వెళ్లినవాడు.

కమిటీ సుగుణను అడిగింది, ఇంత చిన్న గుంటలు అంత పని చేస్తాయా అని. ఆమె లేచి నిలబడింది. ఆమె మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఒక్క గుంట ఏమీ చెయ్యదండి. గుంటలు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, ఒకటి లోతుగా, ఒకటి పైపైన ఉన్నా ఏమీ చెయ్యవు. చెదిరిపోయి గాల్లో కలిసిపోతాయి. ఇవి అలా లేవు. ప్రతి రేకు మీదా కుడి మూల నుంచి సరిగ్గా జానెడు. ఒకటే లోతు. వెంట్రుకంత తేడా లేదు. తాడు పట్టుకున్నవాళ్లందరూ ఒకే కేక మీద లాగితే ఎలా ఉంటుందో అలా, అన్నీ కలిసి ఒకే వైపుకు తోశాయి. మిషన్ కూడా ఇంత సమంగా కొట్టలేదు. ఎవరు కొట్టారో గానీ."

"ఎవరు కొట్టారు?" అని కమిటీ పెద్ద నన్నడిగాడు.

"నానే" అన్నాను.

"ఎందుకు?"

మాట్లాడలేదు. మళ్లీ అడిగాడు. మాట్లాడలేదు. మొండివాడని రాసుకున్నారు. భుజంగరావును వేరే ప్రాజెక్టుకు మార్చారు. అంతే.

కమిటీకి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

దాలమ్మ మొదట అలా కొట్టలేదు. తనకు తోచినచోట కొట్టేది. ఒక రేకుకు పైన, ఒక రేకుకు నడుమ, ఒకదానికి లోతుగా, ఒకదానికి తేలికగా. పాట పాడుకుంటూ కొట్టేది. పది రేకులయ్యాక, మొదటిది పోగా మిగిలినవాటిని నేను గోడకు వరసగా ఆనించి చూశాను. నా పనితనం మీద ఆ గుంటలు చిందరవందరగా కనపడ్డాయి. నాకు కోపం వచ్చింది.

"ఏటే ఇది, కుక్క కరిసినట్టు? ఇంజినీరు బాబు సూస్తే ఏటనుకుంటాడు? కొడితే ఒక్కసోటే కొట్టు. ఒక్కలాగే కొట్టు. ముఖలింగం ఇంటి పనిలాగుండాల."

నేను ఇంట్లో ఉన్న తొమ్మిది రేకుల మీది గుంటలు తీసేశాను. ఆమె కుడి మూల నుంచి జానెడు కొలిచి మళ్లీ కొట్టింది. తరవాత ప్రతి రేకుకూ అంతే. పాట మానేసింది. కళ్లు మూసుకుని వెంట్రుక పట్టుకున్న చెయ్యి అది. చెప్పినట్టు చేసింది. రాతి మీదా చెప్పినట్టే చేసింది.

భుజంగరావు చంపాడని మొదట రాశాను. అది కొట్టెయ్యను. నా పేరు దాని పక్కన రాసుకోండి.

తరవాత ప్రాజెక్టు కంపెనీ వాళ్లు మళ్లీ నా దగ్గరికే వచ్చారు. రేకుల వంపు చెడకుండా గుంటలు తియ్యడం ఇంకెవరికీ చేతకాలేదు. నష్టం చేశానని నా మీద పెట్టిన కేసు ఎత్తేస్తామన్నారు. కేసు కోసం ఒప్పుకోలేదు. ఆ రాతి మీద చలికి ఇంకెవరైనా వచ్చి కూర్చుంటారని ఒప్పుకున్నాను. చేతులు సరిగ్గా ముడుచుకోవు. అయినా చేశాను. ఒక్కొక్క రేకు విప్పి, వెనకనుంచి చెక్క సుత్తితో తట్టి, దాలమ్మ దెబ్బ ఒక్కొక్కటీ చెరిపాను. ఏడాది పట్టింది. ఇప్పుడు గుమ్మకొండ మీద దీపాలు వెలుగుతాయి. వెచ్చరాయి మీద మంచు పడుతుంది. పొద్దున్నే వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ఆరు వందల ఇరవై నాలుగు తీశాను. మాదిరి కోసం భుజంగరావు ముందే పట్టుకుపోయిన మొదటి రేకు, నేను తిట్టకముందు ఆమె తనకు తోచినచోట కొట్టినది, చివరికి ఆ పళ్లెంలోనే బిగించారు. దాని మీది గుంట తియ్యలేదు. ఒక్కటైతే ఏమీ చెయ్యదని సుగుణ చెప్పింది కదా.

అది ఏ వరసలో ఉందో ఎవరు అడిగినా చెప్పను. దాలమ్మ గురించీ, ఆ పదకొండు నిమిషాల గురించీ ఇక నన్నెవరూ అడగవద్దు. ఒక్కసారి రాశాను. ఇక నా నోట ఈ మాట రాదు.